వాననీటి కాలువల వ్యయమును ఎవరు భరింపవలెను?

గడచిన వర్షకాలమున ఒక ఉదయము తొమ్మిదవ తరగతి హాజరు తీసికొనగా 11 మంది బాలురు రాలేదు. వారందఱును పట్టణమునకు దిగువనున్న వాడలవారు. మఱునాడు వారు తెచ్చిన పుస్తకములు ఉబ్బి, కాగితములు ఒకదానికొకటి అంటుకొనియుండెను. ఆ రాత్రి మిట్టమీది వీధులలో నీరు కొంతసేపైనను నిలువలేదు. ఆ నీరే దిగువకు పోయి మోకాలిలోతు నిలిచినది. మేము నాటి భూగోళపాఠమును ఆపి నల్లబల్లపై ఒక ప్రశ్నను వ్రాసితిమి: వాననీటి కాలువలను వెడల్పు చేయుటకు కావలసిన ధనమును ఎవరియొద్ద, ఏ కొలతచొప్పున తీసికొనవలెను?

ఎవరి ఇల్లు మునుగునో వారే ఇయ్యవలెనని ఒక బాలుడు చెప్పెను; లాభము వారిదే గదా యనెను. (అతని ఇల్లు మిట్టమీదనే యున్నది.) ఇంటికింతయని సమముగా వేయుమని వేఱొకడు చెప్పెను. ఇంటిపన్నుతో కలిపి తీసికొనవచ్చునని మూడవవాడు చెప్పెను. మన పట్టణములలో వాడుక ఈ మూడవదే. ఇంటి విలువ పెరిగినకొలది పన్ను పెరుగును గనుక ఇది బీదలకు కొంత మేలే. అయినను ఇంటి విలువకును, ఆ ఇంటినుండి వీధిలోనికి పాఱు నీటికిని సంబంధము స్వల్పము.

ఇట ఒక లెక్క చేయుదము. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో 10 లీటర్ల నీరగును. 5 సెంటీమీటర్ల వానకు 20 చదరపు మీటర్ల పూరిల్లు 1,000 లీటర్లను, 4,000 చదరపు మీటర్లు సిమెంటు పఱచిన బండ్ల నిలుపుదల స్థలము 2,00,000 లీటర్లను కాలువలోనికి పంపును. ఆ స్థలమున ఇల్లు లేదు, కొళాయి లేదు. మట్టినేల యైనచో కొంత నీటిని త్రాగును, చెట్లు కొంత నిలుపును. సిమెంటు ఏమియు నిలుపదు. కావున కాలువపై భారము మోపునది ఇంటి విలువ గాదు, నీరింకని నేలయొక్క వైశాల్యమే.

ఈ లెక్కను ఒక గొప్ప నగరము ఆచరణలో పెట్టినది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వాననీటి రుసుమును పూర్వము నీటి మీటరు పరిమాణమునుబట్టి వేయుచుండిరి. అందుచేత మీటరు లేని బండ్ల స్థలములు ఏమియు ఇయ్యకుండెను. కొంచెము నేలపై ఎత్తుగా కట్టిన మేడలు అధికముగా ఇచ్చుచుండెను. 2010వ సంవత్సరము జూలై మొదలు నివాసగృహములు కాని స్థలములకు ఈ పద్ధతిని మార్చి, నాలుగేండ్లలో క్రమక్రమముగా అమలుపఱచిరి. రుసుములో 80 పాళ్లు నీరింకని వైశాల్యమునుబట్టి, 20 పాళ్లు మొత్తము స్థలమునుబట్టి నిర్ణయించిరి. నివాసగృహములను ఒక్కొక్కటిగా కొలుచుట ప్రయాసమగుటచే వానికి సగటున ఒకే రుసుము ఉంచిరి. తన వాననీటిని తన ఆవరణలోనే నిలిపి ఇంకింపజేయువారికి తగ్గింపు నిచ్చిరి. గిడ్డంగులవారు ఆక్షేపించిరి, అది సహజమే. ఇది పన్ను గాక రుసుము గనుక, ఆస్తిపన్ను లేని మందిరములును, విద్యాలయములును చెల్లింపవలసివచ్చినది.

ఇక మొదటి బాలుని మాటకు వత్తము. మా ఇల్లు మునుగదు గనుక మేమేల ఇయ్యవలెనను మాట పెద్దలనోటను వినబడుచున్నది. హైదరాబాదు సంగతి చూడుడు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలకొలది జనులు మరణించిరి. పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాను అనుసరించి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులను నిర్మించిరి. ఆయన నది గట్టున గోడ కట్టుటతో తృప్తిపడక, ఎగువనే నీటిని ఆపవలెనని చెప్పుట గమనింపదగినది. 2020వ సంవత్సరము అక్టోబరులో ఆ నగరమే మరల మునిగినది. ఈమాఱు నదియొక్కటియే కారణము గాదు. ఇండ్ల నడుమ ఇఱుకైన నాలాలును, నిండి పొర్లిన చెరువులును దిగువ బస్తీలను ముంచినవి. దిగువవాడు మునుగుట ఎగువవాని నీటిచేత. మునిగినవానినే రుసుము అడుగుట గాయపడినవానినే అపరాధ మిమ్మని అడుగుటయగును.

కాలువ యొక్క సంవత్సరమున కట్టబడినను రెండు తరములు వాడుకొనును. కనుక ఋణము తెచ్చి కట్టి, సంవత్సరముల తరబడి తీర్చుట అన్యాయము గాదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2018లో ఋణపత్రములమూలమున 200 కోట్ల రూపాయలను రోడ్ల పనులకు తెచ్చినది. అయితే ఋణము తీర్చునది రుసుమే గనుక పై ప్రశ్న మరల ఎదుటనే నిలుచును. చిన్న పూరిండ్లకు రుసుమే లేకుండ చేయుట మాకు యుక్తముగా తోచుచున్నది. వానినుండి వచ్చు సొమ్ము వసూలు ఖర్చుకైనను చాలదు.

మా విద్యార్థులు అంతటితో ఊరకుండక, మఱి మన బడి సంగతి యేమని అడిగిరి. మేము కొంత జంకితిమని ఒప్పుకొనవలెను. ధర్మసంస్థలకు మినహాయింపు ఉండవలెనని మా మనస్సున నుండెను. టేపు తెచ్చి వారే కొలిచిరి: తరగతి గదుల కప్పు, వరండాలు, ప్రార్థనామందిరము, సిమెంటు బాట కలిసి 1,900 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వానకు 95,000 లీటర్లు. మన ప్రహరీగోడ క్రింది తూము ఆ 11 మంది బాలుర వీధిలోనికే తెరచుకొనుచున్నది.

ఆటస్థలము తూర్పుమూలను ఇంకుడుగుంటకై ఇప్పుడు ముగ్గు వేసియున్నారు. కొలతల పట్టిక కార్యాలయపు తలుపుప్రక్కన అంటింపబడినది. తలిదండ్రులు వచ్చినప్పుడు చూచి, తమ యింటి కప్పును కూడ కొలిచి ఆ పట్టికలో వ్రాయింపగోరుచున్నాము.