జిమ్‌కు వెళ్తున్నారా? అన్నం మానకండి, కొలత నేర్చుకోండి

ఒక ఉదయం మా క్యాజువాలిటీకి 48 ఏళ్ల అమ్మను ఆటోలో తీసుకువచ్చారు. ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, మాట తడబాటు. రక్తంలో షుగరు 46 మాత్రమే ఉంది. వెంటనే గ్లూకోజు ఎక్కించగా తేరుకున్నది.

జరిగింది ఇది. బరువు తగ్గాలని జిమ్‌లో చేరింది. రాత్రి భోజనం మానేసింది. ఉదయం షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా గంటసేపు వ్యాయామం చేసింది. జబ్బు సంగతి శిక్షకునికి చెప్పలేదు. "చెబితే చేర్చుకోరేమోనని భయపడ్డాను సిస్టర్" అన్నది. ఇలాంటి పొరపాటు మీరు చేయకూడదని ఈ పాఠం.

1. ముందు చెప్పండి: షుగరు, బి.పి., గుండె, కిడ్నీ జబ్బులుంటే శిక్షకునికి దాచవద్దు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఆహారం తగ్గించే ముందే డాక్టరుగారిని కలవాలి. మోతాదు మార్చవలసినది ఆయనే. శిక్షకుడు కాదు, మీరూ కాదు.

2. తొందర వద్దు: వారానికి అర కిలో తగ్గితే చాలు.

3. కంచం: సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం అన్నం లేక రొట్టె. మిగిలిన పావు పప్పు, గుడ్డు, చేప లేక చికెన్. జొన్నరొట్టె, రాగిసంకటి మంచివే. కాని వాటిలోనూ క్యాలరీలు ఇంచుమించు బియ్యంలో ఉన్నంతే. కనుక కొలత తప్పదు. పిల్లలు వదిలిన అన్నం పారేయలేక తినే తల్లులు అదీ లెక్కలో వేసుకోవాలి.

4. నూనె: ఒక టీ చెంచా నూనెలో 45 క్యాలరీలు. కూరలో అదనంగా పడిన మూడు చెంచాలు కరగాలంటే సుమారు అరగంట వేగంగా నడవాలి.

5. మాంసకృత్తులు: 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు కావాలి. గుడ్డులో 6, గుప్పెడు (30 గ్రాముల) పప్పులో 7, గ్లాసు పాలలో 6 గ్రాములు ఉంటాయి. ఖరీదైన ప్రోటీన్ పొడులు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో చెప్పింది. కిడ్నీ జబ్బున్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరుగారిని అడగాలి.

6. షుగరు పడిపోతే: చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వ్యాయామం ఆపండి. మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగండి. తగ్గాక ఏదైనా తినండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆ అమ్మకు డాక్టరుగారు మాత్ర మోతాదు మార్చారు. ఇప్పుడు మూడు పూటలా కొలత ప్రకారం తిని, జిమ్‌కు వెళ్తున్నది. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. పంచదార పొట్లం మాత్రం ఎప్పుడూ సంచిలోనే ఉంచుకుంటుంది. మీరూ ఉంచుకోండి.