లైనక్స్ పంపిణీ అంటే ఏమిటి?

“లైనక్స్ వేశాను” అని మనలో చాలామంది అంటుంటాం. నిజానికి లైనక్స్ అంటే కెర్నెల్ మాత్రమే. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 1991లో విడుదల చేశాడు. ప్రాసెసరును, మెమరీని, డిస్కును ప్రోగ్రాములకు పంచిపెట్టడమే దాని పని. ఒక్క కెర్నెల్‌తో ఉత్తరం ముక్క కూడా రాయలేం.

మాది వ్యవసాయ కుటుంబం. ఆయిలింజను ఒక్కటి తెచ్చి గట్టున పెడితే చేనుకు నీళ్లు పారతాయా? పంపు, పైపులు బిగించాలి కదా! ఇదీ అంతే. కెర్నెల్‌కు గ్నూ వంటి పనిముట్లు, ఇన్‌స్టాలరు, ప్యాకేజీలను అమర్చే సాధనం చేర్చి, అన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా పరీక్షించి ఇస్తే అది పంపిణీ, అంటే డిస్ట్రిబ్యూషన్ అన్నమాట. 1993లో వచ్చిన స్లాక్‌వేర్, అదే ఏట మొదలైన డెబియన్ ఇలాంటివే.

మరి డెబియన్‌కు తెరమీది బొమ్మ మార్చి, వేరే పేరు పెడితే కొత్త పంపిణీ అయిపోతుందా? లైసెన్సు అడ్డు చెప్పదు. 2004లో వచ్చిన ఉబుంటు కూడా డెబియన్ పునాది మీద కట్టిందే. అయితే దాని ప్యాకేజీల భాండారం, విడుదలల కాలపట్టిక, భద్రతా సవరణలు దానివే.

నా దృష్టిలో గీటురాయి ఇదే: లోపం బయటపడితే సరిదిద్ది పంపే బాధ్యత ఎవరిది? 2024 జూన్ 30తో సెంటాస్ లైనక్స్ 7 ప్రాజెక్టు సవరణలు పంపడం ఆపేసింది. యంత్రం నడుస్తూనే ఉంటుంది, కొత్త లోపాలు మాత్రం పూడవు.

కనుక మిత్రులారా, పంపిణీని ఎంచుకునేముందు దాని వెనక ఎవరు నిలబడి ఉన్నారో చూడండి.