ఎగిరిన వెంటనే ఇంజను బలము తప్పినచో

మిక్కిలి యెత్తున పోవుచున్న విమానమున ఇంజను ఆగుట అన్నిటికంటె భయంకరమని మనము తలంతుము. వైమానికు లట్లు తలంపరు. ఒంటి యింజను గల చిన్న విమానము నేలను విడిచిన తొలి నిమిషమే వారికి మిగుల భయము. ఎత్తున నున్నవానికి దిగుటకు తగిన చోటు వెదకుకొను వ్యవధి కలదు. 500 అడుగుల యెత్తున నున్నవానికి ఒక నిమిషమైనను దక్కదు.

విమానమును మోయునది ఇంజను కాదు, రెక్కలమీదుగ పారెడు గాలి. పైకెక్కుచున్న విమానపు ముక్కు మీది కెత్తబడి యుండును. ఇంజను బలము తప్పగనే వేగము కొలది క్షణములలో తరుగును. ముక్కు నట్లే యుంచినచో గాలి రెక్కల పైతలమును విడిచి చెదరును; రెక్కలు మోయజాలక విమానము కూలును. దీనిని స్టాల్ అందురు. కావున చోదకుడు మొదట చేయవలసినది ముక్కును క్రిందికి వంచుట. నేల దగ్గరనున్నప్పుడు నేలవైపునకే వంచుట మనసున కెంత విరుద్ధమో యూహింపుడు! కాని సైకిలు త్రొక్కుట మానినవాడు పల్లమున దిగినంతసేపు పడిపోనట్లే, విమానమును ఎత్తును వ్యయపరచి వేగమును నిలుపుకొనును.

ఇక వెనుకకు తిరుగవలెనను ఆశ పుట్టును. వెనుక చక్కని రన్‌వే యున్నది గదా! అయితే తిరుగుటకు విమానము ప్రక్కకు ఒరగవలెను. ఒరగిన రెక్కలకు భారము హెచ్చును. 45 డిగ్రీలు ఒరగి తిరుగునప్పుడు స్టాల్ అగు వేగము నూటికి సుమారు 19 వంతులు పెరుగును. పైగా సగము చుట్టు తిరిగినను రన్‌వే ప్రక్కగా నుండునే గాని యెదుటికి రాదు, మరికొంత తిరుగవలెను. అంతలో ఎత్తు చెల్లిపోవును. అందుచేతనే, ఎత్తు చాలనప్పుడు ఇంచుమించు ఎదుటనున్న చోటుననే దిగుడని చోదకులకు బోధింతురు.

2015 మార్చి 5వ తేదీన అమెరికా సినిమా నటుడు హారిసన్ ఫోర్డ్, 1942లో నిర్మింపబడిన రయన్ శిక్షణ విమానముపై కాలిఫోర్నియాలోని శాంటా మోనికానుండి ఒంటరిగ ఎగిరెను. కొంతసేపటికే ఇంజను బలము తప్పెను. ఆయన మొదట రన్‌వే వైపు తిరిగి, అంత దూరము చేరజాలనని గ్రహించి, సమీపమునందలి గాల్ఫ్ మైదానమువైపు మరల్చెను. విమానము చెట్టుకొనను తాకి నేల కొట్టుకొనెను. గట్టి గాయములు తగిలినను ప్రాణము దక్కెను.

విచారణాధికారులు ఇంజనును విప్పి చూడగా, కార్బురేటరులో పెట్రోలును కొలిచి విడుచు చిన్న జెట్టు మరలూడి తన స్థానమునుండి తప్పియుండెను. పెట్రోలు చాలక కాదు, మితిమీరి పారి ఇంజను బలము పోయెను! కట్టెలు క్రిక్కిరిసిన పొయ్యి పొగయునే గాని మండదు గదా. ఆ కార్బురేటరు ప్రమాదమునకు సుమారు 17 ఏండ్లకు పూర్వము బాగుచేయబడినది. ఆ జెట్టును అప్పుడప్పుడు పరీక్షింపవలెనను సూచన దాని నిర్వహణ పత్రములలో లేదు.