మూత్రపిండాల పని: రోగి నేర్వవలసిన పాఠం

వైద్యుడు మందు వ్రాసి ఇవ్వగలడు. కాని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిలో ఉప్పు తగ్గించవలసినవాడు, మాత్ర మానక వేసుకొనవలసినవాడు రోగియే. ఎందుకు చేయాలో తెలియని పనిని మనిషి ఎక్కువ కాలం చేయడు. కావున ఈ వ్యాధికి బోధన కూడా చికిత్సలో భాగమే.

మూత్రపిండాలు వెన్నెముకకు ఇరుప్రక్కల పిడికిలంత పరిమాణంలో ఉంటాయి. ఒక్కొక్కదానిలో నెఫ్రాన్లనే సూక్ష్మమైన వడపోత భాగాలు సుమారు 10 లక్షలున్నాయి. ఇవి రోజుకు రమారమి 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడగట్టి, దాదాపు అంతటినీ తిరిగి రక్తానికే చేర్చి, ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా విసర్జిస్తాయి. రక్తపుపోటును అదుపులో ఉంచడం, ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని ప్రేరేపించడం, విటమిన్ డి ని శరీరానికి ఉపకరించే రూపంలోకి మార్చడం కూడా వీటి విధులే. అందుచేతనే వ్యాధి ముదిరినవారికి రక్తహీనత, ఎముకల బలహీనత కలుగుతాయి.

“మూత్రం బాగానే వస్తున్నది గదా, నాకు జబ్బేమిటి?” అని రోగి అడుగవచ్చు. నీరు పోవడం వేరు, నీటితో మలినాలు పోవడం వేరు అని అతనికి విశదపరచాలి. వడపోత శక్తి సగం నశించినా బాధ తెలియకపోవచ్చు. రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి వడపోత వేగాన్ని లెక్కకడతారు. అది నిమిషానికి 60 మిల్లీలీటర్లకు తగ్గి మూడు నెలలకు పైగా అట్లే ఉంటే దీర్ఘకాలిక వ్యాధి. 15కు తగ్గితే మూత్రపిండాలు విఫలమైనట్లే. మూత్రంలో ప్రోటీన్ పోవడం కూడా ఒక హెచ్చరికే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం లేనివారికి సైతం ఈ వ్యాధి వచ్చింది. కారణం ఇదమిత్థమని తేలలేదు. ఆ ప్రాంతం కొబ్బరితోటలకు ప్రసిద్ధి. చలువ చేస్తుందని మనం త్రాగే కొబ్బరినీటిలో పొటాషియం అధికం. దానిని విసర్జించలేని రోగికి గుండె లయ తప్పే ప్రమాదమున్నది. ఒంటినొప్పులకు అంగడిలో కొని వేసుకొనే మాత్రలలో అనేకం మూత్రపిండాలకు హానికరం. ఇట్టి విషయాలు రోగికి ముందే తెలియాలి.

“అర్థమైనదా?” అని అడిగితే అందరూ తల ఊపుతారు. “ఇంట్లోవారికి ఏమని చెబుతారు?” అని అడిగినప్పుడే అర్థమైనదీ కానిదీ తేలుతుంది. ఆ మాట రోగి భాషలో సాగాలి. ఒకరికి మూత్రపిండమైనది మరొకరికి గుర్దా. ఉభయభాషలు తెలిసిన మన విద్యార్థులు ఈ సేవకు తగినవారు. ఇంట్లో మధుమేహం, రక్తపుపోటు గల పెద్దలకు ఏటేటా రక్తమూత్ర పరీక్షలు చేయించడంతో దానిని ఆరంభించవచ్చు.