కన్నప్ప ఇచ్చిన కన్ను, మనం ఇవ్వగలిగిన కిడ్నీ

ఈ వారం పాఠం కన్నప్ప గురించి. 2025లో సినిమా వచ్చాక ఈ కథ మన వయసు వాళ్ళందరికీ మళ్ళీ దగ్గరైంది. కానీ కథ చివర్లో ఉన్న ఒక ముక్కని మనం త్వరగా దాటేస్తాం. బతికుండగానే తన అవయవం ఇంకొకరికి ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న ఇంటికి ఆ ముక్కే కావాలి.

సింగరాయకొండ స్టేషన్‌లో చెన్నై వైపు రైలు ఎక్కేవాళ్ళలో ఫైళ్ళు పట్టుకుని వెల్లూరుకో చెన్నైకో వెళ్ళే రోగులు కూడా ఉంటారు. మన ప్రకాశం జిల్లాకి కిడ్నీ జబ్బు కొత్త కాదు. కనిగిరి వైపు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ గురించి, కిడ్నీ జబ్బుల గురించి ఏళ్ళుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. షుగర్, బీపీ వల్ల కిడ్నీలు పాడైనవాళ్ళు ఊరూరా ఉన్నారు. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. "ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇస్తారా?" అని డాక్టర్ అడిగిన రోజున ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది.

ముగ్గురు దాతలు, మూడు పాఠాలు

దధీచి మహర్షి వజ్రాయుధం కోసం ఎముకలిచ్చాడు. అందుకోసం ప్రాణమే వదిలాడు. శిబి చక్రవర్తి పావురాన్ని కాపాడటానికి తన మాంసం కోసి త్రాసులో పెట్టాడు. తిన్నడు శివలింగం కంటి నుంచి రక్తం కారుతుంటే తన కన్ను తీసి అక్కడ పెట్టాడు. రెండో కంట్లోనూ రక్తం వచ్చింది. చోటు గుర్తు తెలియడానికి కాలి వేలు అక్కడ ఆనించి, ఉన్న ఒక్క కన్నూ తీయబోయాడు. అప్పుడు స్వామి ఆపాడు.

మనం దాటేసే ముక్క ఇదే. శివుడు కన్నప్ప ప్రేమని కాదనలేదు. కానీ అతను గుడ్డివాడు కావడాన్ని ఒప్పుకోలేదు. ఇచ్చేవాడి చెయ్యి పట్టుకుని ఆపడం కూడా దేవుడి పనే. పాత సింగరాయకొండలో కొండ మీద కొలువైన వరాహ లక్ష్మీనరసింహస్వామి దగ్గరా మనం నేర్చుకునేది రక్షణే కదా. ఒకరిని కాపాడటానికి ఇంకొకరిని బలి పెట్టడం ఆ రక్షణలోకి రాదు.

ఈనాటి వైద్యంలో నియమం కూడా ఇలాంటిదే. దధీచిలా ప్రాణం ఇస్తానన్నా డాక్టర్లు తీసుకోరు. దాత ఆ తర్వాత మామూలుగా బతకగలడు అనిపిస్తేనే ముందుకెళ్తారు.

అసలు ఇది ఎలా సాధ్యం?

1954 డిసెంబర్ 23న అమెరికాలోని బోస్టన్‌లో రోనాల్డ్ హెరిక్ తన కవల సోదరుడు రిచర్డ్‌కి కిడ్నీ ఇచ్చాడు. మొదటిసారి పూర్తిగా సక్సెస్ అయిన కిడ్నీ మార్పిడి అదే. రిచర్డ్ ఇంకో ఎనిమిదేళ్ళు బతికాడు. ఇచ్చిన రోనాల్డ్ 79 ఏళ్ళ వయసు దాకా ఉన్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టర్ జోసెఫ్ ముర్రేకి 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీలో ఇది సాధ్యమైంది.

ఒక కిడ్నీ తీసేస్తే మిగిలినది కొంచెం పెరిగి ఎక్కువ పని చేస్తుంది. లివర్ విషయంలో ఒక భాగమే ఇస్తారు, మిగిలిన భాగం కొన్ని వారాల్లోనే చాలావరకు పెరుగుతుంది. అయితే లివర్ ఇవ్వడంలో రిస్క్ కిడ్నీ కంటే ఎక్కువ. కన్నప్పలా బతికుండగా కన్ను ఇవ్వడం మాత్రం ఇప్పుడు కుదరదు. నేత్రదానం మరణం తర్వాతే.

రిస్క్ దాచకూడదు

"ఏమీ కాదులే" అని ధైర్యం చెప్పడం ప్రేమ కావచ్చు, కానీ నిజం కాదు. అమెరికాలో సుమారు 80 వేలమంది కిడ్నీ దాతలను చూసిన 2010 నాటి అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లో చనిపోయింది పదివేలమందికి ముగ్గురు. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనం ప్రకారం జీవితకాలంలో తమ కిడ్నీ పూర్తిగా ఫెయిలయ్యే అవకాశం దాతల్లో పదివేలకు 90, అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనివాళ్ళలో 14. తక్కువే, కానీ సున్నా కాదు. ఇంకా పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గర్భంతో ఉన్నప్పుడు బీపీ సమస్యలు దాతల్లో కొంచెం ఎక్కువ.

ఆపరేషన్ అయ్యాక పనిలోకి వెళ్ళడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ మిర్చి టిక్కీలు, పత్తి బోరాలు ఎత్తే పని వద్దంటారు. కూలికి వెళ్ళే ఇంట్లో ఆ వారాల ఖర్చు ఎలా అని ముందే మాట్లాడుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అవయవం ఇస్తే 42 రోజుల దాకా ప్రత్యేక సెలవు ఇస్తామని 2023లో ఉత్తర్వు వచ్చింది. రోజు కూలీకి అలాంటి సెలవు లేదు. తర్వాత కూడా బీపీ, క్రియాటినిన్, యూరిన్ టెస్టులు ఏటా చేయించుకుంటూనే ఉండాలి.

ఎవరివ్వచ్చు?

18 ఏళ్ళు నిండి ఉండాలి. దేశంలో 1994 నాటి చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1995 నాటి చట్టం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులను దగ్గరి బంధువులుగా గుర్తించాయి. 2011లో కేంద్ర సవరణ తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవళ్ళు, మనవరాళ్ళను కూడా చేర్చింది. మేనమామ, బాబాయ్, వదిన, ఫ్రెండ్ ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందుకెళ్ళాలి. అక్కడ చూసేది ఒకటే, ఇది ప్రేమతో ఇస్తున్నదా, డబ్బుకా అని. అమ్మడం, కొనడం రెండూ నేరం. డబ్బు ఆశ చూపి కిడ్నీ తీసుకున్నారన్న ఫిర్యాదులు మన కోస్తా జిల్లాల్లోనూ వచ్చాయి. ఫోన్‌లో "లక్షలిస్తాం" అని ఎవరైనా అంటే పోలీసులకు చెప్పండి.

గీత చెప్పిన కొలత

భగవద్గీత 17వ అధ్యాయంలో దానం మూడు రకాలు. ఇవ్వాలి కాబట్టి, తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన వేళ తగినవారికి ఇచ్చేది సాత్త్వికం. లాభం కోసమో, లోపల బాధపడుతూనో ఇచ్చేది రాజసం. గౌరవం లేకుండా ఇచ్చేది తామసం.

"లోపల బాధపడుతూ" అన్న మాట దగ్గర ఆగండి. మన దేశంలో అవయవాలు ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. అమ్మ, భార్య, అక్క మనసారా ఇస్తే అది మహాదానమే. కానీ "నువ్వివ్వకపోతే ఇంకెవరిస్తారు, ఆయన సంపాదిస్తేనే కదా ఇల్లు గడిచేది" అని చుట్టూ కూర్చుని ఒప్పిస్తే? అది దానం కాదు, వసూలు. దాతతో డాక్టర్ విడిగా మాట్లాడటం ఇందుకే. అక్కడ "నాకు ఇష్టం లేదు" అని చెప్పొచ్చు. సంతకం పెట్టాక కూడా, ఆపరేషన్ ముందు వరకూ వెనక్కి తగ్గొచ్చు. అలా తగ్గినవాళ్ళని పాపాత్ములుగా చూసే హక్కు మనకి లేదు.

ఇంకో సందేహం: "అవయవం ఇస్తే వచ్చే జన్మలో అది లేకుండా పుడతామా?" పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ శరీరం మార్చుకుంటుందని గీతే చెప్పింది. పాత చొక్కాలో గుండీ ఇంకొకరికి ఇస్తే కొత్త చొక్కాకి గుండీ లేకుండా పోదు కదా.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి, ఇంట్లో అందరి బీపీ, షుగర్, క్రియాటినిన్ చెక్ చేయించండి. కిడ్నీ ఇవ్వాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడం మొదటి సేవ.

రెండు, మరణానంతర దానం గురించి ఇంట్లో మాట్లాడండి. మన రాష్ట్రంలో జీవన్‌దాన్ పథకం ఉంది. చనిపోయాక ఇచ్చేవాళ్ళు పెరిగితే, బతికున్నవాళ్ళ మీద భారం తగ్గుతుంది.

మూడు, మీ ఇంట్లో ఇప్పటికే ఈ ప్రశ్న వచ్చి ఉంటే, ఇవ్వబోయే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ఒక్కసారి అడగండి: "నీకు నిజంగా ఇష్టమేనా? కాకపోతే నేను నీ వైపు ఉంటా." ఆ మాట విన్నాక కూడా "ఇస్తాను" అంటే, అప్పుడది కన్నప్ప ఇచ్చిన కన్నులాంటిదే.

వచ్చే వారం ప్రహ్లాదుడి కథతో కలుద్దాం. జై నరసింహ!