కష్టకాలమున కాలక్షేపము

‘కాలక్షేపము’ అను మాటకు లోకమున నేడు చులకనయైన అర్థము స్థిరపడినది. పని లేనివాడు ప్రొద్దు పుచ్చుటను కాలక్షేపమందురు. శ్రీవైష్ణవ సంప్రదాయమున ఈ మాటకు గల గౌరవము వేరు. ఆచార్యుని సన్నిధిలో కూర్చుండి శ్రీభాష్యమునో భగవద్విషయమునో క్రమముగా సేవించుటను గ్రంథకాలక్షేపమందురు. హరికథ చెప్పువారును తాము చేయునది కాలక్షేపమనియే చెప్పుకొందురు. కాలమును భగవద్విషయమున వెచ్చించుట దాని భావము. ఈ రెండర్థములును ఒకటిగా కలిసికొనుచోటు ఒకటి కలదు. అది కష్టములో ఉన్న గృహస్థుని ఇల్లు.

కష్టమనగానే ధనము లేకపోవుట, రోగము, మరణము తోచును. అవి అనుభవించినవారిని అడిగినచో వేరొక మాట చెప్పుదురు. తమ్ము ఎక్కువగా బాధించినది గడియారమని అందురు. లోపల శస్త్రచికిత్స జరుగుచుండగా తలుపు వెలుపల బల్లపై కూర్చున్న నాలుగు గంటలు. పరదేశమందున్న కుమారుని నుండి కబురు రాని మధ్యాహ్నములు. అప్పు ఇచ్చినవాడు వచ్చెదనని చెప్పిపోయిన దినమున తెల్లవారినది మొదలు చీకటి పడువరకు గల సమయము. రాత్రి రెండు గంటలకు మేలుకొన్న మనస్సు, ఇంకను జరుగని అనర్థములన్నిటిని తెల్లవారులోపల వరుసగా జరిపించి చూచుకొనును. పగలు చేయవలసిన పనియైనను ఉండును. ఆ రాత్రికి చేయదగినది ఏదియు ఉండదు. కొలత లేని ఆ గంటలే మనిషిని క్రుంగదీయును.

తెలుగు ఇండ్లలో ఆ గంటలకు కొలతను ఇచ్చినవి సూదిదారములు. బొంత కుట్టుటనే చూడుడు. చిరిగిన చీరలు, నలిగిన పంచెలు ఉతికి, ఆరవేసి, పొరలు పొరలుగా పరచి, అంచులు మడిచి, సూది క్రిందికి పైకి పోవుచుండగా ఒక కొననుండి మరియొక కొనవరకు వరుస కుట్టుదురు. ఆ వరుస ముగిసిన పిమ్మట దాని ప్రక్కనే మరియొక వరుస. ఇందు నేర్పు కొంచెమే. ఓర్పు చాల కావలెను. ఆ పొరలలో అవ్వ కట్టిన చీర ఉండును, పసివాని ఉయ్యాలకు కట్టిన గుడ్డ ఉండును. పోయినవారి బట్టలను పెట్టెలో దాచి ఏడ్చుటకు బదులు, వాటిని బొంతగా కుట్టి పిల్లలకు కప్పిన తల్లులు ప్రతి ఊరిలోను ఉన్నారు. దుఃఖము తీరినదని కాదు. చేతికి పని దొరకినది. కాడకుట్టు, గొలుసుకుట్టు నేర్చిన ఆడుపిల్లలు దేవుని పీటపై పరచు గుడ్డకు తామరపూవును, శంఖచక్రములను కుట్టుటయు ఇట్టిదే. కన్ను సూదిమొనను విడువరాదు. విడిచినచో వ్రేలికి గుచ్చుకొనును. మనస్సు ఎక్కడెక్కడికి పరుగెత్తునో అక్కడనుండి మరలించి తేవలెనని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు ఆనతిచ్చినాడు. పెద్ద యోగులకే అది కష్టసాధ్యము. సూది మాత్రము చదువురాని ఇల్లాలికిని ఆ పాఠమును ప్రతి నిమిషము చెప్పుచుండును.

ఇక్కడ ఒక మాట చెప్పకుండుట న్యాయము కాదు. సూదిపనిని గూర్చి తీయగా చెప్పుట సులభము. గోదావరి తీరమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున లేసు అల్లిక ప్రవేశించినది. కొక్కెపు సూదితో సన్నని దారమును ముడివేయుచు వేలాది స్త్రీలు ఇంటి అరుగులపైననే ఆ పని చేసిరి. కఱవు కాలమున అది వారికి గంజి పోసినది. అయినను 1982లో మారియా మీస్ అను జర్మను పండితురాలు ఆ స్త్రీలను గూర్చి ఒక గ్రంథము ప్రచురించి, వారు దినమంతయు శ్రమించినను దక్కు కూలి అత్యల్పమనియు, ఇంటిలో కూర్చుండి తీరిక వేళను గడపు గృహిణులుగా లెక్కించుటచేత వారి శ్రమ కంటికి కనబడకపోవుచున్నదనియు చూపినది. ఆ లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కీర్తి లేసునకు వచ్చినది. అల్లిన చేతికి తగిన కూలి రావలెను. ఓదార్పు పేరు చెప్పి కూలి తగ్గించుట ధర్మము కాదు. ఇంటి కష్టమున చేయు సూదిపని మనస్సునకు ఊతమగుట నిజమే. అది పొట్టకు కూడ ఊతము కావలసిన ఇండ్లు అనేకములు.

ఈ రెండు అవసరములును ఒకే ఇంట నిలిచిన చరిత్ర పండరిపురమున ఉన్నది. విఠలుని భక్తులలో అగ్రగణ్యుడైన నామదేవుడు బట్టలు కుట్టు శింపి కులమున పుట్టినవాడు. 1270 మొదలు 1350 వరకు జీవించెనని సంప్రదాయము. ఆయన విఠలుని గుడి విడువక కూర్చుండుటచే ఇల్లు గడువలేదు. తల్లి గోణాయి, భార్య రాజాయి పేర వెలసిన అభంగములలో ఆ ఇంటి లేమి, ఆ స్త్రీల నిష్ఠూరము దాపరికము లేకుండ వినబడును. మరాఠీ భక్తలోకము ఆ నిష్ఠూరములను కప్పిపుచ్చలేదు. భక్తి గీతములతోపాటు వాటిని కూడ భద్రపరచినది. ఇది గొప్ప విషయము. భక్తుని ఇంటిలో కష్టము ఉండదని చెప్పు గ్రంథములకంటె, ఉన్నదని ఒప్పుకొను ఈ అభంగములే కష్టములో ఉన్నవారికి దగ్గర. నామదేవుడు తన వృత్తిని రోసి విడువలేదు. సిక్కుల గురుగ్రంథ సాహెబున చేర్చబడిన ఆయన కీర్తనలు 61. వాటిలో ఒకటి కత్తెర, సూది, దారము మొదలైన తన పనిముట్లనే భగవన్నామస్మరణకు ఉపమానములుగా చేసికొన్నది. స్వకర్మచేతనే భగవంతుని అర్చించి మానవుడు సిద్ధి పొందునని గీత పదునెనిమిదవ అధ్యాయము చెప్పిన మాట దర్జీవాని ఇంట అట్లు పలికినది. ఆ ఇంటి దాసి జనాబాయి తిరుగలి విసరుచు పాడినది. పండరి యాత్రికులు మహాద్వారమున నామదేవుని పేర ఉన్న మెట్టును చూచియే ఉందురు. భక్తుల పాదధూళి తనపై పడవలెనని ఆయన కోరినాడని చెప్పుదురు.

చేతికి సూది ఎట్టిదో, బుద్ధికి గ్రంథపఠనము అట్టిది. తెలుగువారి ఇండ్లలో ఆపద కలిగినపుడు మొదట తెరచునది సుందరకాండము. కార్యసిద్ధికై పారాయణ చేయుదురని అందరును ఎరిగినదే. అర్థము తెలిసికొని చదివినవారికి అందు వేరొక ఉపకారము కలదు. ఈ కాండమున నిరాశ ఒకచోట కాదు, రెండుచోట్ల వచ్చును. లంకయంతయు వెదకి సీత కానరాక, పండ్రెండవ సర్గలో ఆంజనేయుడు క్రుంగిపోవును. మరల లేచి, క్రుంగకుండుటయే సంపదకు మూలమని తనకు తాను చెప్పుకొని వెదకును. అప్పటికిని సీత కానరాదు. పదుమూడవ సర్గలో, తాను వట్టి చేతులతో మరలినచో రాముడు, లక్ష్మణుడు, భరతుడు, తల్లులు, సుగ్రీవుడు, వానరులు ఎట్లు వరుసగా నశింతురో ఊహించుకొనును. రాత్రి రెండు గంటలకు మేలుకొన్న గృహస్థుని మనస్సు చేయు పనియే అది! అంతటి బుద్ధిమంతునికి ఆ స్థితి తప్పలేదని చదువునపుడు, తన భయమును గూర్చి సిగ్గుపడువానికి సిగ్గు తొలగును. ఆంజనేయుడు ఆ ఊహలలోనే మునిగిపోలేదు. వెదకని వనము ఇంకొకటి మిగిలి ఉన్నదని అతనికి తోచినది.

రెండవ నిరాశ సీతాదేవిది. ఇరువది యెనిమిదవ సర్గలో ఆ తల్లి తన జడతోనే ప్రాణము విడువ తలచినది. ఆమెను నిలిపినవి మొదట శుభశకునములు. పిమ్మట చెట్టుకొమ్మలనుండి వినవచ్చిన రామకథ. ఆంజనేయుడు వెంటనే ఉంగరము చూపలేదు, విడిపింతునని చెప్పలేదు. దశరథుడను రాజు ఉండెనని మొదలుపెట్టి, ఆమె ఎరిగిన కథనే ఆమెకు వినిపించెను. ఆమె స్థితి ఏ కొంచెమును మారలేదు. రాక్షసస్త్రీలు అక్కడనే ఉన్నారు. కథ విన్నది, తల యెత్తి చూచినది. ఎరిగిన కథను మరల మరల ఎందుకు చదువవలెనని అడుగువారికి ఈ ముప్పదియొకటవ సర్గ చాలును. ప్రాణము విడువవలెనను తలంపు ఇంటిలో ఎవరికి కలిగినను, దానిని దాచక దగ్గరివారికి, వైద్యునికి చెప్పవలెను. సీతాదేవికి కూడ ఒకరు వచ్చి పలుకవలసి వచ్చినది.

తిరుమల యాత్రికులు భోజనశాలపై తరిగొండ వెంగమాంబ పేరు చదువుదురు. ఆమె 1730లో పుట్టి, చిన్నతనముననే భర్తను కోల్పోయినది. ఆ కాలపు వైధవ్యనియమములను అంగీకరింపక ఊరివారి నిందలు పడినదని చెప్పుదురు. కొండకు చేరి, కొంతకాలము తుంబురు కోనలో తపస్సు చేసి, వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము మొదలైన గ్రంథములు రచించి 1817లో పరమపదించినది. ఆమెకు దొరకిన ఊతము తాళపత్రము, గంటము. ఏకాంతసేవవేళ స్వామికి ఆమె పేరిట ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది.

సూది, గ్రంథము ఉన్నచో చాలునా, దైవమెందుకని కొందరడుగుదురు. సూదివలన గంట గడచును. గ్రంథమువలన మనస్సు నిలుచును. ఇంత బాధ ఎవరితో మొఱపెట్టుకొనవలెనను ప్రశ్నకు ఆ రెండును బదులు చెప్పవు. ప్రపత్తి అందులకే. తన బలము చాలదని గజేంద్రుడు తెలిసికొన్న పిమ్మట చేసినది అదియే. అంతకు ముందు అతడు మొసలితో చిరకాలము పోరినాడని కూడ భాగవతము చెప్పినది. అనగా శరణాగతి పేరు చెప్పి మందు మానుట, అప్పుల లెక్క వ్రాయకుండుట, బంధువుల సాయము కాదనుట గజేంద్రుని మార్గము కాదు.

అనుష్ఠానమునకు వచ్చినచో, కొలత చిన్నదిగా ఉండుట మేలు. దినమునకు ఒక సర్గ, బొంతపై రెండు వరుసలు, పండుకొనుటకు ముందు నూటయెనిమిది నామములు. ఆసుపత్రికి పోవువారు సంచిలో దారపుండను, చేతిలో ఇముడు పుస్తకమును పెట్టుకొని పోవచ్చును. కండ్లు కనబడని అవ్వ ఉన్నచో పిల్లవాడు గట్టిగా చదువవలెను. ఆ వంకన వాడును వినును. చదువలేని దినము వచ్చినచో పుస్తకము కండ్లకద్దుకొని మూసినను దోషము లేదు.

సుందరకాండమున సర్గలు 68. పారాయణ ముగింపున యుద్ధకాండములోని పట్టాభిషేక సర్గ చదివి, స్వామికి నివేదనము చేయుట ఆచారము. రోగి ఇంకను మంచము దిగకముందే, దూరమున్నవాడు ఇల్లు చేరకముందే పట్టాభిషేకము వచ్చు ఇండ్లు కలవు. అట్టి ఇండ్లలో ప్రసాదము పంచుకొని, మరునాటి ప్రొద్దున స్నానము చేసి, మొదటి సర్గ మరల తెరచుదురు.