విద్యుద్విఘాతము – దత్తాంశ రక్షణము

పోటీ పరీక్షలలో తఱచు అడుగబడు, డేటాబేసు లావాదేవీలకుండవలసిన ‘ఏసిడ్’ గుణములు నాలుగింటికి ఆ పేరు 1983లో హేర్డర్, రాయిటర్ అను జర్మను శాస్త్రజ్ఞులు పెట్టినది. వానిలో కడపటిదగు ‘డ్యూరబిలిటీ’, అనగా ఒకమాఱు ఖాయమైన లావాదేవి కరెంటు పోయినను చెడకుండుట, చెప్పుటకు సులభమేకాని సాధించుటకు దుష్కరము. వ్రాయబడినదని మనమనుకొను సమాచారము పెక్కుసార్లు డిస్కునకు చేరక మెమరీలోనే యుండును. అందుచే పోస్ట్‌గ్రెస్ వంటి వ్యవస్థలు, అసలు పట్టికను డిస్కుపై మార్చుటకు ముందే, ఆ మార్పును ‘లాగ్’ అను వరుస చిట్టాలో వ్రాసి, ‘ఎఫ్‌సింక్’ ఆజ్ఞచే డిస్కునకు దింపించి, ఆ పిమ్మటనే లావాదేవి ముగిసినదని తెలుపును. కరెంటు తిరిగివచ్చినపుడు, అంతవఱకు జరిగిన మార్పులన్నియు డిస్కుపై పట్టికలకు చేరినట్లు గుర్తింపబడిన చెక్‌పాయింటు మొదలుకొని చిట్టాను చదువుచు మార్పులను మరల జరిపించును. ఈ విధానమునకు ప్రామాణికమైన ‘ఏరీస్’ వ్యాసమును సి. మోహన్ ప్రభృతులు 1992లో ప్రకటించిరి.

అసలు చిక్కు మఱియొకటి కలదు. పోస్ట్‌గ్రెస్ పట్టికలో ఒక ఖండమగు 8 కిలోబైట్ల పుట సగము వ్రాయబడునప్పటికి కరెంటు పోయినచో, సగము పాతయు సగము క్రొత్తయునైన ఆ పుటపై చిట్టాలోని మార్పులను మోపుట వ్యర్థము. కావున పోస్ట్‌గ్రెస్, చెక్‌పాయింటు పిమ్మట తొలిసారి మాఱిన పుటను సమగ్రముగ చిట్టాలోకెక్కించును. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ, సాధారణముగ 16 కిలోబైట్లుండు తన పుటను ముందు వేఱొకచోట వ్రాసి, పిదప స్వస్థానమున వ్రాయును.

వేగమునకాశపడి ఎఫ్‌సింక్‌ను ఆపివేయు నిర్వాహకులు లేకపోలేదు. మరల నిర్మించుకొనదగిన సమాచారమున్నచోట దప్ప ఇది క్షమార్హము కాదు. యూపీఎస్ కలదుగదా యని ధీమాపడరాదు; దాని బ్యాటరీయు కాలక్రమమున క్షీణించును. డిస్కు తన తాత్కాలిక మెమరీయగు క్యాషులో దాచుకొనియే వ్రాసితినని యసత్యమాడినచో చిట్టాయు నిష్ప్రయోజనమే గావున, కరెంటు పోయినను క్యాషును ఖాళీచేయగల కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలనే సర్వర్లకు ఎన్నుకొనవలెను.